రాయి పెట్టే ఆట

ఉసిళ్ళగూడెం, మర్రిగూడ దగ్గర,
నల్లగొండ జిల్లా.
తారణ సంవత్సరం, కార్తీక బహుళ తదియ (1944)

ఐలేశానికి, బడిపంతులు దశరథం రాయడమేమంటే —

నేనెవరో నీకు తెలియదు. మొన్న ఆషాఢంలో భువనగిరి నుండి బదిలీ మీద ఈ ఊరి బడికి వచ్చాను. నీవు అంతకు ముందే, వైశాఖంలో, ఊరు విడిచి పాలమూరు పోయావని చెప్పారు. నీ భార్య సుక్కమ్మ దగ్గర చిరునామా తీసుకుని రాస్తున్నాను.

మీ గొల్లవాళ్ళలో బడికి వచ్చేది నీ కొడుకు భిక్షపతి ఒక్కడే. పదేండ్ల వాడు పదహారో ఎక్కం తడుముకోకుండా చెబుతాడు. చదువులో వంక పెట్టడానికి లేదు. కానీ తోటి పిల్లలను కొడుతున్నాడు. ఆశ్వయుజంలో కాపు వెంకటయ్య కొడుకు నుదుటి మీద పలక అంచుతో కొట్టాడు. ఆ గాటు ఇంకా మానలేదు. చిన్నవాళ్ళ చేయి పట్టి మెలిపెడతాడు. వాళ్ళు మోకాళ్ళ మీద కూలబడిందాకా వదలడు. ఎందుకు కొట్టావురా అని అడిగితే నా కాళ్ళ వంక చూస్తూ నిలబడతాడు. ఏడవడు కూడా.

ఇంట్లో మగదిక్కు లేక పిల్లవాడికి భయం లేకుండా పోయింది. ఇద్దరు ఆడవాళ్ళు, ముసలామె ఒకరు, నీ భార్య ఒకరు, వాడిని ఏమి అదుపు చేయగలరు? నీవు ఒకసారి వచ్చి వాడికి నాలుగు మాటలు చెప్పి పోవడం మంచిది.

దశరథం

•

పాలమూరు, సడక్ కంకర పని కాడికెల్లి.
మార్గశిరం, బేస్తారం

పంతులయ్యకు గొల్ల ఐలేశం దండాలు.

నాకు అచ్చరం రాదు. నేను చెప్తాంటే మా పక్క గుడిసెల ఉండే మైసయ్య రాస్తున్నడు. ఆయన మిషనోళ్ళ బడిల చదువుకున్నడు. మీ ఉత్తరం గూడ ఆయనే చదివి ఇనిపిచ్చిండు.

నేను రాలేను పంతులయ్యా. ఇక్కడ ఒక్కరోజు పనికి పోకుంటే ఆ జాగల ఇంకోడు కూసుంటడు. మా గొర్లకు రోగమొచ్చి సగం సచ్చినయి, గందుకే ఈడికొచ్చిన. ఇంకేం లేదు.

పోరన్ని మీరే కొట్టుండ్రి. చింతబరిగె విరిగిందాక కొట్టుండ్రి. ఎందుకు కొట్టిండ్రని మా ఇంట్ల ఎవ్వరడుగరు. మా అయ్య నన్ను గట్లనే పెంచిండు. నాయిన చెప్పిండని చెప్పి మరీ కొట్టుండ్రి.

వాడు మంచిగ తింటుండా? ఎంత ఎత్తు అయిండు? మా అవ్వ నాగులమ్మకు కండ్లు కనవడ్తున్నయా? సుక్కకు నేను మంచిగున్న అని చెప్పుండ్రి.

ఐలేశం నిశాని

•

ఉసిళ్ళగూడెం.
పుష్య శుద్ధ దశమి

ఐలేశానికి —

నీవు చెప్పినట్టే చేశాను. గొప్పకు రాయడం లేదు. నీ ఉత్తరం అందిన రోజునే భిక్షపతిని బరిగెతో కొట్టాను. రెండో రోజు వాడు మళ్ళీ ఒకణ్ణి కరిచాడు. అప్పుడు కోదండం వేశాను, దూలానికి తాడు కట్టి, చేతులతో వేలాడదీశాను. నా చిన్నప్పుడు మా పంతులూ నాకు వేసినదే. పిల్లలందరూ చూస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు. వాడు మాత్రం అరవలేదు. నేను దించాక ఒక్కటే మాట అడిగాడు, "అయిపోయిందా?" అని. ఏదో పని ముగిసిందా అని అడిగినట్టు అడిగాడు.

ఆ వారంలోనే నేను ఒక సంగతి చూశాను. మధ్యాహ్నం పిల్లలు బడి వెనుక ఆడుకుంటుంటే పోయి నిలబడ్డాను. ఒకడు తువ్వాల తలకు చుట్టి బండ మీద దొరలా కూర్చున్నాడు. ఇంకొకడు వాని ముందు కాలి బొటనవేళ్ళు పట్టుకుని వంగి ఉన్నాడు. భిక్షపతి వాడి వీపు మీద రాళ్ళు పెడుతున్నాడు. ముందు చిన్నది, తరువాత దానికంటే పెద్దది. దొర వేషం రోజుకొకరు కడతారట. రాయి పెట్టే పని మాత్రం భిక్షపతి ఎవరికీ ఇవ్వడట.

వంగేది ఎక్కువగా గౌండ్ల సాలమ్మ కొడుకు కాటమయ్య. ఏడేండ్ల వాడు. వాడి తండ్రి తాటిచెట్టు మీది నుండి పడి చనిపోయి మూడేండ్లయింది. "నీవెందుకు ఒప్పుకుంటున్నావురా?" అంటే, "నా వంతు అయిపోయినంక నన్ను గూడ దొరను జేస్తమన్నరు పంతులూ" అన్నాడు.

ఈ ఆట నీ కొడుకు ఎక్కడ నేర్చుకున్నాడు? సుక్కమ్మను అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నీ తల్లి మాత్రం, "ఊళ్ళె ఎవ్వర్ని అడుగకు పంతులూ. అడిగినోల్లు సల్లగుండరు" అన్నది.

బరిగె పొయ్యిలో పెట్టేశాను. తాడు విప్పేశాను. అవి లేకుండా పిల్లవాడిని ఎట్లా దారికి తేవాలో నాకు పంతుళ్ళ ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. నీకేమైనా తెలిస్తే దాచకుండా రాయి.

దశరథం

•

పాలమూరు.
పుష్యం, అమాస ఎల్లిన తెల్లారి

పంతులయ్యకు దండాలు.

పోరగాండ్లు ఏదో ఒక ఆట ఆడ్తరు. నాకేం తెలుసు? నేను ఊళ్ళెనే లేను గద. మా అవ్వ చెప్పింది నిజం. ఊళ్ళె అడుగకుండ్రి. దొర అనే మాట గూడ కాయిదం మీద రాయకుండ్రి. ఈ ఉత్తరాలు ఇక్కడ పదిమందిల చదువుతరు, ఎవని చెవులు యాడికి పోతయో తెల్వది.

కొట్టుడు బందు పెట్టిన అని రాసిండ్రు. మీ ఇష్టం.

ఐలేశం నిశాని

ఐలేశం చెప్పింది గంతే. ఆయన పనికి పోయిండు. ఇప్పుడు నేను, మైసయ్యను, ఆయనకు తెల్వకుండ నాలుగు ముక్కలు రాస్తున్న. గొర్లకు రోగం రాలే పంతులుగారూ. మొన్న వైశాఖంల మీ ఊరి దొర గడిల పెండ్లి అయింది. ఐలేశం అప్పటికే నాలుగు గొర్లను ఊరికే ఇచ్చిండట. ఇంక ఆరు తెమ్మంటే, సూడి గొర్లున్నయి, ఇయ్యలేను అన్నడట. పొద్దుగాల కెల్లి ఎండ తిరిగిందాక గడి ముందట వంగబెట్టి వీపు మీద రాళ్ళు పెట్టిండ్రు. కొడుకు ఈయనకు తినెతందుకు గటక తెచ్చి, అంత సూసిండు. తెల్లారి ఈయన ఊరిడిసిండు. ఇక్కడ గూడ నిటారుగ నిలబడలేడు. కూసోని చేసే పని గాబట్టి కంకర కొట్టి బతుకుతున్నడు. "కొడుకు మొఖం సూడలేక వచ్చిన" అని నాతోని ఒక్కసారే అన్నడు. నేను రాసిన అని చెప్పకుండ్రి.

•

ఉసిళ్ళగూడెం.
మాఘ బహుళ పంచమి

ఐలేశం గారికి దశరథం నమస్కారాలు.

మీరు రాయని సంగతులు నాకు తెలిశాయి. ఎట్లా తెలిశాయో అడగకండి. తెలిసిన నాటి నుండి మీ కొడుకును చూస్తే, నేను దూలానికి కట్టిన తాడే నాకు కనబడుతోంది. మీ అబ్బాయిని క్షమించమని అడిగాను. వాడికి అర్థం కాలేదు. పంతులు తనను ఏమి అడుగుతున్నాడోనని బెదిరి వెనక్కి జరిగాడు.

ఒక ప్రయత్నం చేశాను. రెండు వారాల కింద, ఆదివారం నాడు, పిల్లల తల్లిదండ్రులను బడికి పిలిచాను. తొమ్మిది మంది వచ్చారు. సుక్కమ్మ గుమ్మం అవతలే కూర్చున్నది. వెంకటయ్య కొడుకు నుదుటి గాటు చూపించి, "నా కొడుకు కన్ను పోతే ఎవరిస్తరు?" అని సుక్కమ్మ మీదికి లేచాడు. అప్పుడు కాటమయ్య తల్లి సాలమ్మ అన్నది — "ఆమెనెందుకంటవు ఎంకటయ్యా? మన పిల్లలు ఏం సూస్తున్నరో గదే ఆడ్తున్నరు. మొన్న నువ్వు వంగలేదా? బతికున్నప్పుడు మా ఆయన వంగలేదా? ఇంటికొచ్చినంక పిల్లలకు ఏం చెప్పినం? ఏం చెప్పలే. అన్నం తిని పండుకోమన్నం."

వెంకటయ్య కూర్చుండిపోయాడు.

చివరికి ఒక మాట అనుకున్నాము. ఇంట్లో గానీ బడిలో గానీ పిల్లల మీద చేయి ఎత్తకూడదు. ఆ ఆట కనబడితే ఎవరి పిల్లలైనా సరే, దగ్గర కూర్చోబెట్టుకుని వద్దని చెప్పాలి. జరిగినది వాళ్ళ ముందు దాచకూడదు. అది తప్పు పని అని, వంగినవాళ్ళకు అది సిగ్గు కాదని చెప్పాలి. ఈ చివరిది సాలమ్మ చెప్పిన మాటే. మరునాటి నుండి సుక్కమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి బడి వెనుక కూర్చునేది. ఎనిమిది రోజులు ఆట జరగలేదు.

తొమ్మిదో రోజు గడి గుమాస్తా వచ్చాడు. "ఏం పంతులూ, మీటింగ్ పెట్టినవట. ఇజాజత్ ఉన్నదా? ఎవర్ని అడిగి పెట్టినవు?" అన్నాడు. పిల్లల సంగతి మాట్లాడుకున్నామని చెప్పాను. "పిల్లల పేరు జెప్పి మంది జమ అయితే అది మీటింగే. జిల్లా తాలూక్దారుకు రాయమంటవా? జైలు సూసినవా ఎన్నడన్న?" అన్నాడు. ఇకమీదట తల్లిదండ్రులను బడికి పిలవనని, బడి ఆవరణలో పెద్దవాళ్ళను కూర్చోనివ్వనని కాగితం రాయించాడు. సంతకం పెట్టాను. నాకూ ఇద్దరు పిల్లలున్నారు ఐలేశం గారూ. అది కారణం మాత్రమే, సమాధానం కాదు.

మరునాడు సుక్కమ్మ వస్తే నేనే పొమ్మని చెప్పాను. ఎందుకని అడగకుండానే వెళ్ళిపోయింది.

దశరథం

•

పాలమూరు.
ఫాల్గుణం, సోమారం

పంతులయ్యకు ఐలేశం దండాలు.

మీరు నన్ను గారు అని రాసిండ్రు. మైసయ్య చదివితే ఇక్కడోళ్ళు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. మీకు ఎవరు చెప్పిండ్రో నాకు ఎరికే. మైసయ్యతోని రెండు దినాలు మాట్లాడలే. గని ఆయన తప్ప నాకు రాసెటోడు లేడు.

కాయిదం మీద సంతకం పెట్టిండ్రని సిగ్గు పడకుండ్రి. నిశాని పెట్టుమంటె నేను గూడ పెడ్తుంటి. గడి ముందట ఎవడైన గంతే.

నేను ఊరికొస్తే గొర్లు ఏవని మల్ల అడుగుతరు. ఈసారి వంగితే లేవ. అందుకే రాలేను. మొదలు రాసింది అబద్ధం.

భిక్షపతికి నేను చెప్పే మాట ఇది. ఎవ్వరు లేనప్పుడు వానికి చదివి ఇనిపియ్యుండ్రి. భిక్షపతీ, నీ నాయిన చెప్తున్న. ఎవర్ని కొట్టకు బిడ్డా. ఎవరి మీద రాయి పెట్టకు. నీ మీద నాకు కోపం లేదు. ఏ దినం గూడ లేకుండె. అవ్వను మంచిగ సూసుకో. ఎక్కాలు మర్సిపోకు.

గిదొక్కటే.

ఐలేశం నిశాని

•

ఉసిళ్ళగూడెం.
పార్థివ సంవత్సరం, చైత్ర బహుళ షష్ఠి (1945)

ఐలేశం గారికి —

ఈ ఉత్తరం తపాలాలో కాక మీ తల్లి చేతికిచ్చి పంపిస్తున్నాను. కవరు అంటించాను. భిక్షపతి చదవగలడు కనుక, మీకు చదివి వినిపించేది మైసయ్య గారే కావాలి.

మీ మాట వాడికి చదివి వినిపించాను. విన్నాక కాగితం తనకు ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఆ తరువాత ఇరవై రోజులు వాడు ఎవరినీ ముట్టుకోలేదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి బడి ఊడ్చేవాడు.

పున్నమికి ముందు రోజు గడిలో ఉత్తరాలు రాసేది ఉంది రమ్మని జవాను వచ్చాడు. పిల్లలను వదిలి పోకూడదని నాకు తెలుసు. పోయాను. నేను లేనప్పుడు పెద్ద పిల్లలు ఆట మొదలుపెట్టారు. కాటమయ్య వంగాడు. భిక్షపతి గోడ దగ్గర నిలబడి తాను పెట్టనన్నాడట. "గీ పెద్దదొక్కటి మోస్తే రేపటి కెల్లి నేను దొరనైత, జర పెట్టరాదురా" అని కాటమయ్యే బతిమాలాడట. అందరూ చుట్టూ చేరి "పెట్టు, పెట్టు" అని అరిచారట. భిక్షపతి పెట్టాడు. కాటమయ్య కూలిపోయాడు. కుడి చేయి రాయి కింద పడింది.

వాణ్ణి వీపు మీద ఎత్తుకుని నా ఇంటి దాకా మోసుకొచ్చింది భిక్షపతే. దించి, పరుగెత్తి గుట్టలలోకి పోయాడు. నేను, సాలమ్మ బండి కట్టించుకుని నల్లగొండ దవాఖానకు పోయాము. చూపుడువేలు, దాని పక్క వేలు తీసేశారు. తిరిగి వచ్చేటప్పుడు సాలమ్మ బండిలో నా ఎదురుగా కూర్చుని అన్నది, "దొరను అడిగే నోరు నాకు లేదు. నిన్ను అడుగుత. నువ్వు యాడున్నవు పంతులూ?" నేను గడిలో ఉన్నానని చెప్పాను. పిల్లవాణ్ణి ఇక బడికి పంపనని ఊరు చేరాక ఆమె చెప్పింది.

భిక్షపతిని మూడో రోజు మీ తల్లి వెతికి తెచ్చింది. అప్పటి నుండి వాడు నోరు తెరవలేదు. నిన్న గుమాస్తా నన్ను పిలిపించాడు. "ఆ గొల్ల పోరన్ని ఎల్లుండి గడి ముందట వంగబెట్టాలె. అందరి పిల్లల్ని తోలుకరా, సూసి బుద్ధి తెచ్చుకుంటరు" అన్నాడు. పదేండ్ల పసివాడు అన్నాను. "నీ కాయిదం మా కాడ ఉన్నది, మర్సిపోకు" అన్నాడు.

అందుకే తెల్లవారకముందే కల్వకుర్తి పోయే పల్లీల బండ్లలో వాడిని, మీ తల్లిని ఎక్కిస్తున్నాను. అక్కడి నుండి పాలమూరు దారి ఆమెకు చెప్పించాను. సుక్కమ్మ రావడం లేదు. ఇల్లు విడిస్తే మిగిలిన గొర్లనూ జాగానూ గడి కలుపుకుంటుందని ఉండిపోతోంది. పిల్లవాడు ఎక్కడని రేపు వాళ్ళు ఆమెను అడుగుతారు. ఏమి చేస్తారో నాకు తెలియదు. నేను పక్కన నిలబడగలనో లేదో కూడా నాకు తెలియదు.

దశరథం

•

పాలమూరు.
వైశాఖం, ఐతారం

పంతులయ్యకు ఐలేశం దండాలు.

మీరు పంపిన ఇద్దరు ఆరో దినం మంచిగ చేరిండ్రు. మైసయ్య మీ ఉత్తరం నా ఒక్కనికే చదివిండు. సుక్క ముచ్చట రాయుండ్రి. మంచిదైన, చెడ్డదైన రాయుండ్రి.

ఇయ్యాల మైసయ్య రాస్తలేడు. పక్కన కూసున్నడు. భిక్షపతి రాస్తున్నడు. నేనే వాన్ని రాయమన్న.

వాడు వచ్చి ఇరవై దినాలాయె. నాతోని మాట్లాడడు. మొఖం సూడడు. మా అవ్వ పెడితే తింటడు. పనికాడికి తోలుకపోతే కంకర కొడ్తడు, పెద్దోళ్ళ లెక్క కొడ్తడు. గని ఆడోళ్ళు తట్ట పట్టుకొచ్చి, రాయి ఎయ్యి బిడ్డా అంటే ఎయ్యడు. ఎత్తిన రాయి చేతులనే పట్టుకొని నిలబడ్తడు. మేస్త్రి తిట్టిండు, ఒకసారి కొట్టిండు. నేను లేచి అడ్డం పోయేటాల్లకు ఇంకో రెండు దెబ్బలు పడ్డయి. నాకు జల్దిన లేవరాదు గద.

పంతులయ్యా, మైసయ్యకు గూడ చెప్పంది ఒకటి ఉన్నది. వాని మొఖం సూసి చెప్పెతందుకు నాకు నోరు రాలే. అందుకే మీకు చెప్తున్న, వాడు రాస్తున్నడు.

గా దినం గడి ముందట గుమాస్తా వీన్ని పిలిచిండు. నీ నాయిన మీద ఇంకో రాయి పెట్టు, లేకుంటే నిన్ను గూడ పక్కన వంగబెడ్త అన్నడు. చేతిల గటక ముంత కింద పెట్టిచ్చి రాయి ఇచ్చిండ్రు. నేను తల కిందికేసి ఉంటి. నాకు వాని కాళ్ళే కనవడ్డయి. ఎండకు కాలుతున్నయి, ఒకటి ఎత్తి ఒకటి పెడ్తున్నడు. రాయి పెట్టలే. చాలాసేపు పెట్టలే. అప్పుడు నేనే అన్న, పెట్టు బిడ్డా అని. పెట్టలే. మల్ల అన్న. జల్ది పెట్టు అని గట్టిగ ఒర్రిన. అప్పుడు పెట్టిండు.

పెట్టుమన్నది నేను. వాడు పెట్టలే, నేను పెట్టిచ్చిన. వానిది తప్పు లేదు. కాటమయ్య చెయ్యి గూడ వానిది కాదు, నాది. రాయి బిడ్డా. ఆపకు. నాది అని రాయి.

ఇక్కడికెల్లి నేను, మైసయ్యను, రాస్తున్న. పిల్లగాడు నాది అనే మాట రాయలేక రాసి, కలం కింద పెట్టి బయటికి పోయిండు. ఐలేశం పిలిచిండు, రాలే. లేచి పోదామని చూసిండు గని గోడ పట్టుకొని లేచేటాల్లకే ఆయాసం వచ్చి మల్ల కూసున్నడు. ఆ ముసలి తల్లి కొడుకును చూస్తది, మనుమడు పోయిన దిక్కు చూస్తది. సాలమ్మకు దండం పెట్టిన అని చెప్పుమని ఐలేశం అంటున్నడు.

పిల్లగాడు మల్ల లోపలికొచ్చిండు. కాయిదం మీద కింద జాగా ఉన్నదా అని అడిగిండు. వచ్చినంక వాడు మాట్లాడిన మొదటి మాట ఇది. ఇస్తున్న.

పంతులుగారికి నమస్కారం. కాటమయ్య బడికి వస్తుండా? ఏ చేత్తోని రాస్తుండు?
భిక్షపతి